పూల్ టోర్నీ పెడుతున్నారా? ప్రైజ్ మనీ అంకె వేసే ముందు టేబుల్ గంటలు లెక్కపెట్టండి

పోస్టర్ మీద పెద్ద అక్షరాలతో ఉండేది ప్రైజ్ మనీ. టోర్నీ పెట్టేవాళ్లలో చాలామంది ఆలోచన కూడా అక్కడే మొదలవుతుంది. "యాభై వేలు అని వేద్దాం, జనం వాళ్లే వస్తారు" అనుకుంటారు. తర్వాత ఎంట్రీ ఫీజు ఎంతో ఆలోచిస్తారు, ఖర్చుల సంగతి టోర్నీకి రెండు రోజుల ముందు గుర్తొస్తుంది. ఇలా వెనక నుంచి ముందుకొస్తే చేతి చమురు వదలడం ఖాయం. హాల్లో టేబుళ్లెన్ని, అవి ఎన్ని గంటలు మీ చేతిలో ఉంటాయి, ఆ గంటల్లో ఎన్ని మ్యాచ్‌లు పడతాయి అన్నది ముందు తేల్చుకోవాలి. ఎంతమందిని తీసుకోవచ్చో, ఎంత ఇవ్వగలరో అప్పుడే తెలుస్తుంది.

ఇక్కడి లెక్కలన్నీ ఒక మామూలు ఉదాహరణ మీద నడుస్తాయి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక పార్లర్, అందులో నాలుగు 9 అడుగుల పూల్ టేబుళ్లు, 32 మంది ఆటగాళ్లు, నైన్ బాల్ (తొమ్మిది బంతుల ఆట), రేస్ టు 5, అంటే ముందు 5 ఆటలు గెలిచినవాడిదే మ్యాచ్. టేబుల్ రేటు గంటకు 250 రూపాయలు అనుకుందాం. మీ హాలు రేటు వేరైతే ఆ అంకె మార్చి ఇదే వరసలో లెక్క వేసుకోండి.

మ్యాచ్ ఎంతసేపు, మొత్తం ఎన్ని గంటలు

రేస్ టు 5 అంటే తక్కువలో తక్కువ 5 ర్యాక్‌లు (బంతులు పేర్చి ఆడే ఒక్కో ఆట ఒక ర్యాక్), ఎక్కువలో ఎక్కువ 9. ఇద్దరూ సమ ఉజ్జీలైతే ఏడో ఎనిమిదో పడతాయి. హాల్లో రోజూ ఆడేవాళ్లకు బంతులు పేర్చడంతో కలిపి నైన్ బాల్ ర్యాక్ ఒకటి సుమారు 8 నిమిషాలు. అంటే మ్యాచ్‌కు గంట. ఎయిట్ బాల్ (పదిహేను బంతుల ఆట) అయితే బంతులు ఒకదానికొకటి అడ్డం పడి, సేఫ్టీలు (ఎదుటివాడికి షాట్ దొరకకుండా కొట్టే దెబ్బలు) పెరిగి, ర్యాక్ 12 నిమిషాల దాకా లాగుతుంది. కాబట్టి ఎయిట్ బాల్‌కు రేస్ టు 4 దాటకండి. టెన్ బాల్ చూడ్డానికి బాగుంటుంది కానీ, ప్రతి షాటూ ముందే చెప్పి కొట్టాలి కనుక కొత్తవాళ్ల చేతిలో ర్యాక్ ఎప్పుడు ముగుస్తుందో ఎవరూ చెప్పలేరు. హాలు స్థాయి టోర్నీకి నైన్ బాలే సులువు.

ఇప్పుడు పద్ధతి ఎంచుకోవాలి. ఖర్చును నిజంగా నిర్ణయించేది ఇదే.

నేరుగా నాకౌట్ పెడితే 32 మందికి 31 మ్యాచ్‌లు. మొదటి రౌండ్ 16 మ్యాచ్‌లు నాలుగు టేబుళ్ల మీద నాలుగు విడతలు, రెండో రౌండ్ రెండు విడతలు, క్వార్టర్స్, సెమీస్, ఫైనల్ తలా ఒకటి. మొత్తం 9 విడతలు, 9 గంటలు. ఒక్క రోజులో అయిపోతుంది. చిక్కల్లా ఏమిటంటే, ఉదయం పదింటికి ఎంట్రీ కట్టి వచ్చినవాళ్లలో సగం మంది ఒక్క మ్యాచ్ ఆడి ఇంటిదారి పడతారు. వాళ్లు వచ్చే నెల రారు.

పూర్తి డబుల్ నాకౌట్ అంటే ప్రతి ఒక్కరికీ రెండు ఓటములు అయ్యేదాకా అవకాశం. ఆటగాళ్లకు ఇదంటే ప్రాణం. కానీ 62 మ్యాచ్‌లు. ఓడినవాళ్ల వైపు నుంచి వచ్చినవాడు ఫైనల్ గెలిస్తే మళ్లీ ఒకటి ఆడించాలి, అప్పుడు 63. నాలుగు టేబుళ్ల మీద 18 లేదా 19 విడతలు. ఇందులో చివరి ఆరు విడతల్లో టేబుళ్లు క్రమంగా ఖాళీ అయిపోతాయి, అయినా హాలు మామూలు గిరాకీకి ఇవ్వలేరు. రెండు రోజులు లేనిదే ఇది కుదరదు. ఒక్క రోజులో లాగేద్దామని చూస్తే రాత్రి రెండింటికి నిద్రమత్తులో ఫైనల్ ఆడిస్తారు. హాలు మూసే వేళ దాటాక పోలీసులు వచ్చి తలుపు కొట్టే ముచ్చట కూడా అప్పుడే తీరుతుంది.

మధ్యే మార్గం ఒకటుంది. చివరి 16 మంది మిగిలేదాకా డబుల్ నాకౌట్, అక్కడి నుంచి మామూలు నాకౌట్. 40 మ్యాచ్‌లతో 16 మంది తేలుతారు, తర్వాత 15. మొత్తం 55 మ్యాచ్‌లు, 15 విడతలు. శనివారం మధ్యాహ్నం మొదలుపెట్టి ఆదివారం సాయంత్రానికి ముగించేవాళ్లకు ఇంతకన్నా మంచిది లేదు. పెద్ద పెద్ద అంతర్జాతీయ టోర్నీలు కూడా ఈ రకం రెండు దశల పద్ధతినే వాడుతుంటాయి.

గ్రూపుల పద్ధతి కాగితం మీద అందంగా ఉంటుంది. నలుగురేసి 8 గ్రూపులు, గ్రూపుకు 6 మ్యాచ్‌లు, అంటే గ్రూపుల్లోనే 48. రెండు మ్యాచ్‌లు ఓడినవాడు మూడోది ఆడకుండా వెళ్లిపోతాడు. ఆ వాకోవర్‌తో ఎవరో ఒకరు అన్యాయంగా పైకి వెళ్తారు, మిగిలినవాళ్లు టేబుల్ చుట్టూ చేరి ర్యాక్‌ల తేడా లెక్కల మీద కీచులాడతారు. లీగ్‌కు ఇది పనికొస్తుంది, ఒక రోజు టోర్నీకి వద్దు.

నాలుగు టేబుళ్లు, ఒకే రోజు ఉన్నవాళ్లకు మా ఓటు నాకౌట్‌తో పాటు ప్లేట్‌కు. మొదటి రౌండ్‌లో ఓడిన 16 మందితో విడిగా ఒక చిన్న నాకౌట్ పెట్టాలి, రేస్ టు 3తో. దానికి 15 మ్యాచ్‌లు, ఒక్కోటి సుమారు 35 నిమిషాలు, అంటే దాదాపు 9 టేబుల్ గంటలు. మెయిన్ డ్రాలో సెమీస్, ఫైనల్ జరుగుతుంటే ఎలాగూ టేబుళ్లు ఖాళీగానే ఉంటాయి కనుక ప్లేట్ మ్యాచ్‌లలో కొన్ని అక్కడే సర్దుకుంటాయి. రోజు మొత్తం 9 గంటల నుంచి 11 గంటలకు పెరుగుతుంది, అంతే. ప్రతి ఒక్కరికీ కనీసం రెండు మ్యాచ్‌లు దక్కుతాయి. ఉదయం 9కి మొదటి బ్రేక్ (ఆట మొదలుపెట్టే దెబ్బ) కొట్టిస్తే రాత్రి 8కి ట్రోఫీ ఇవ్వొచ్చు.

ఖర్చు ఎక్కడెక్కడ

ఈ నాకౌట్, ప్లేట్ పద్ధతికే లెక్క కడదాం. 4 టేబుళ్లు × 11 గంటలు = 44 టేబుల్ గంటలు, 250 చొప్పున 11,000 రూపాయలు. డ్రా నడిపే వ్యక్తికి 2,500, సహాయకుడికి 1,500. ట్రోఫీలు 3,000. తాగునీళ్లు, టీ 1,500. పోస్టర్లు, డ్రా షీట్ ప్రింట్లు 1,000. కరెంటు పోతే జనరేటర్ డీజిల్‌కు 1,500. మొత్తం 22,000. సగం టేబుల్ సమయమే.

హాలు యజమానే టోర్నీ పెడుతుంటే "టేబుళ్లు నావే కదా, ఖర్చేముంది" అనుకుంటాడు. ఆదివారం సాయంత్రం గంటకు 250 ఇచ్చి ఆడేవాళ్లు తలుపు దాకా వచ్చి వెనక్కి వెళ్తుంటే అది ఖర్చు కాక మరేమిటి? నిజమైన నష్టం లెక్కపెట్టాలంటే ఆ వేళకు మామూలుగా ఎంత శాతం నిండుతుందో చూడాలి. 90 శాతం నిండే వేళైతే పోయేది 9,900. 30 శాతం నిండే వేళైతే 3,300. ఆదివారమే పెట్టినా ఉదయం 9కే మొదలుపెట్టమనడానికి ఇదే కారణం. మధ్యాహ్నం దాకా హాలు ఎలాగూ ఖాళీ. మధ్యాహ్నం 2కి మొదలుపెట్టే హాలు తన మంచి గిరాకీ గంటలన్నీ టోర్నీకి ధారపోస్తుంది.

హాలు బయటివాళ్లదైతే, అంటే కాలేజీ కుర్రాళ్లో కాలనీ సంఘమో టేబుళ్లు అద్దెకు తీసుకుని పెడుతుంటే, గంటల లెక్కన కాక రోజు మొత్తానికి ఒక మొత్తం మాట్లాడుకోవాలి. గంటల లెక్కన ఒప్పుకుంటే ఒక్క నెమ్మది ఆటగాడు మీ జేబుకు చిల్లు పెడతాడు.

డబ్బు ఎక్కడి నుంచి: నాలుగు దారులు

*ఎంట్రీలే ప్రైజ్.* అందరి దగ్గరా వసూలు చేసి, ఖర్చు తీసేసి, మిగిలింది పంచడం. 32 మంది తలా 1,000 ఇస్తే 32,000. హాలు తన టేబుల్ సమయం పూర్తిగా వసూలు చేసుకుంటే మిగిలేది 10,000. హాలు ఆ సొమ్ము వదులుకుంటే 21,000. నిర్వాహకుడి జేబులోంచి పైసా పోదు, అదే దీని బలం. రెండు ఇబ్బందులున్నాయి. ఎంతమంది వస్తారో చివరిదాకా తెలియదు కనుక పోస్టర్ మీద అంకె వేయలేరు. రెండోది ఇంకా పెద్దది, చట్టం. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో కఠినం చేశాయి. "ఇది నైపుణ్యం ఆట, మాకు వర్తించదు" అనే పాత ధీమా ఇప్పుడు అంత తేలిగ్గా చెల్లదు. ఆటగాళ్లు వేసిన సొమ్మునే పోగేసి గెలిచినవాడికి ఇవ్వడం పందెంలా కనిపించే ప్రమాదముంది. ఈ దారి పట్టేముందు ఒక లాయర్‌తో మాట్లాడండి.

*హామీ ప్రైజ్.* ఎంతమంది వచ్చినా 25,000 ఇస్తామని ముందే చెప్పడం. ఎంట్రీలు వేగంగా వస్తాయి, నిజమే. కానీ పూర్తి ఖర్చు కలిపితే 47,000 కావాలి. అంటే తలకు 1,000 చొప్పున 47 మంది. నాలుగు టేబుళ్ల హాల్లో అంతమంది ఒక్క రోజులో పట్టరు. హాలు టేబుల్ సొమ్ము వదులుకున్నా 36 మంది కావాలి. 24 మందే వస్తే 12,000 చేతి నుంచి పడుతుంది. హామీ ఇవ్వాలనే ఉంటే, మీరు ఆశించే సంఖ్యలో మూడింట రెండు వంతుల మందే వస్తారనుకుని లెక్క కట్టండి. ఆ లెక్కకు నిలిచే అంకెనే ప్రకటించండి.

*స్పాన్సర్ లేదా క్లబ్ ప్రైజ్ ఇస్తుంది, ఎంట్రీ ఖర్చుకు మాత్రమే.* మేం ఎక్కువగా సిఫారసు చేసేది ఇదే. ప్రైజ్ 24,000 స్పాన్సర్ నుంచి వస్తుంది. ఎంట్రీ 700 పెడితే 32 మందికి 22,400, ఖర్చు 22,000కు సరిపోయింది. ఆటగాడు కట్టింది టేబుల్‌కు, నిర్వహణకు అని రసీదు మీదే రాయొచ్చు. రెండు సొమ్ములూ కలవవు కనుక లెక్క చూపించడం తేలిక, వేలెత్తి చూపేవాళ్లకు సందు దొరకదు. ఎంట్రీ తగ్గింది కాబట్టి కొత్తవాళ్లూ ధైర్యం చేస్తారు.

స్పాన్సర్ విషయంలో ఒక్కటే నియమం: డబ్బు ఖాతాలో పడేదాకా పోస్టర్ ప్రింట్‌కు వెళ్లకూడదు. "నేనున్నాను, మీరు కానిచ్చేయండి" అన్న పెద్దమనిషి టోర్నీ రోజు ఫోన్ ఎత్తకపోతే 24,000 బాకీ మీ పేరు మీదే ఉంటుంది, ఆయన పేరు మీద కాదు. మొత్తం ముందే ఇవ్వలేనంటే సగం ముందు, మిగతా సగం డ్రా తీసే రోజు. బదులుగా ఏమిస్తారో కూడా రాసుకోండి: గోడ మీద బ్యానర్, ట్రోఫీ మీద పేరు, లైవ్‌లో లోగో, టేబుళ్ల పక్కన స్టాల్. క్యూలు (ఆట కర్రలు), గ్లవ్స్ అమ్మే దుకాణాలు, పక్కనే ఉన్న కేఫ్, జిమ్ లాంటివి అడిగితే తరచూ ఒప్పుకుంటాయి. నగదు ఇవ్వలేని దుకాణం క్యూ ఇస్తానంటే కాదనకండి, ప్లేట్ విజేతకు అదే బహుమతి.

*నగదు లేకుండా.* ట్రోఫీ, క్యూ కేసు, వారం మధ్యలో వాడుకునేలా 20 టేబుల్ గంటలు. హాలుకు ఖాళీగా పోయే గంటలే కనుక భారం తక్కువ, ఆటగాడికి వాటి విలువ 5,000. కొత్త హాలు మొదటి టోర్నీకి ఇది చాలు. గట్టి ఆటగాళ్లు రారు. రాకపోతేనే మంచిది కూడా, మొదటి నెలలో మీకు కావాల్సింది కాలనీలో ఉన్న కొత్త ముఖాలు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు అక్కడి పూల్ రూమ్‌ల పద్ధతి చూసి ఇక్కడ అడుగుతుంటారు. అక్కడ ఎంట్రీలన్నీ ప్రైజ్‌లో వేసి, పైన హాలు కొంత కలుపుతుంది. టేబుల్ కోసం తలకు కొన్ని డాలర్లు గ్రీన్ ఫీజు విడిగా తీసుకుంటారు. కొన్నిచోట్ల కల్‌కటా అనే వేలం కూడా ఉంటుంది. చూసేవాళ్లు ఆటగాళ్లను వేలంలో కొనుక్కుంటారు, తమవాడు గెలిస్తే వేలం సొమ్ములో వాటా. ఆ వేలం సొమ్ము కొన్నిసార్లు అసలు ప్రైజ్‌ను మించిపోతుంది. ఆకర్షణ ఎంతున్నా మన రెండు రాష్ట్రాల్లో దాని జోలికి వెళ్లకండి. అది సూటిగా పందెమే.

పంచేటప్పుడు

24,000ను రెండు రకాలుగా పంచి చూద్దాం. మొదటి రకం: విజేతకు 14,000, రన్నరప్‌కు 6,000, సెమీస్‌లో ఓడినవాళ్లకు తలా 2,000. రెండో రకం: విజేతకు 8,000, రన్నరప్‌కు 5,000, సెమీస్‌లో ఓడినవాళ్లకు తలా 2,500, క్వార్టర్స్‌లో ఓడిన నలుగురికి తలా 1,500.

ఊళ్లో ఎప్పుడూ గెలిచే ఇద్దరు ముగ్గురుంటే మొదటి రకం టోర్నీని నెమ్మదిగా చంపేస్తుంది. మిగిలిన 29 మందికి అది ఆ ముగ్గురికి కట్టే చందా అనిపిస్తుంది. రెండో రకంలో క్వార్టర్స్ చేరినవాడికి కట్టిన 700కు రెట్టింపు పైన వస్తుంది. రెండు మ్యాచ్‌లు గెలిస్తే లాభంతో ఇంటికి వెళ్లొచ్చనే ఆశ మధ్య స్థాయి ఆటగాళ్లను పట్టి ఉంచుతుంది. టోర్నీని నడిపేది వాళ్లే. నాలుగో వంతు మందికి ఏదో ఒకటి అందాలి, ఆఖరి బహుమతి ఎంట్రీ కన్నా తగ్గకూడదు. ఇంతే సూత్రం. ప్రపంచ స్థాయిలో కూడా అంతా ఒక్కడికే పోదు. 2024లో జెద్దాలో జరిగిన ప్రపంచ పూల్ చాంపియన్‌షిప్‌లో 128 మంది ఆడారు, మొత్తం ప్రైజ్ 10 లక్షల డాలర్లు, గెలిచిన ఫెడోర్ గోర్స్ట్‌కు 2,50,000. నాలుగో వంతు. మన రెండో రకంలో విజేతకు మూడో వంతు పోతోంది, అదే కాస్త ఎక్కువ.

పన్ను సంగతి. గెలుపు సొమ్ము 10,000 దాటితే 30 శాతం టీడీఎస్ కోయాలనే నిబంధన ఒకటుంది. అది మీ టోర్నీ బహుమతికి వర్తిస్తుందా లేదా అన్నది ఆడిటర్ తేల్చాలి, వాట్సాప్ గ్రూపు కాదు. ఆ అంకె దాటే బహుమతి ఉంటే "పన్ను కోతలకు లోబడి" అని పోస్టర్ మీదే వేసి, విజేత పాన్ నంబరు తీసుకోండి. 14,000 అని చెప్పి చేతిలో తక్కువ పెడితే ఎవరూ ఊరుకోరు.

ఇంకో మాట, "లక్ష రూపాయల వరకు" అని వేయకండి. ఆ "వరకు" చిన్న అక్షరాల్లో వేసినవాళ్లకు రెండోసారి ఎంట్రీలు రావు. మెట్లుగా రాయండి: 32 మంది నిండితే 24,000, 24 మంది అయితే 18,000, 16 మంది అయితే 12,000. చదివినవాడు ఇంకో ఇద్దరిని వెంట తీసుకొస్తాడు.

అందరికీ ఒకే రేసా, హ్యాండిక్యాపా

ప్రైజ్ పెద్దదైతే, బయటి ఊళ్ల నుంచి ఆటగాళ్లు వస్తుంటే హ్యాండిక్యాప్, అంటే బలమైనవాడు ఎక్కువ ర్యాక్‌లు గెలవాలనే పద్ధతి, వద్దు. మీకు తెలియని ఆటగాడికి గ్రేడు ఎలా ఇస్తారు? నెలనెలా అదే జనం ఆడే హాలు టోర్నీకి మాత్రం తప్పదు, లేకపోతే మూడో నెలకు డ్రా సగం ఖాళీ. అమెరికాలో ఫార్గోరేట్ అనే ఆటగాళ్ల రేటింగ్ ఉంది, 100 పాయింట్ల తేడా అంటే బలమైనవాడు రెండు గేములు గెలిస్తే రెండోవాడు ఒకటి గెలుస్తాడని లెక్క. మన హాళ్లలో అంతటి రికార్డు లేదు కనుక ఎ, బి, సి గ్రేడులు చాలు. ఎ ఆటగాడు 6కు, బి 5కు, సి 4కు ఆడాలి. పైన చెప్పిన రెండుకు ఒకటి తేడా ఉన్నవాళ్ల మధ్య 6–4 పెడితే బలమైనవాడికే ఇంకా కొంచెం మొగ్గు ఉంటుంది. అది ఉండాలి కూడా, బాగా ఆడటం శిక్ష కాకూడదు.

దీనిలో దొంగతనం తెలిసిందే. బి ఆటగాడు సిలో పేరు రాయించుకుంటాడు. గ్రేడుల జాబితా డ్రాకు రెండు రోజుల ముందే గోడకు అంటించండి, అభ్యంతరాలు అప్పుడే వస్తాయి. టోర్నీ మధ్యలో కూడా గ్రేడు మార్చే అధికారం నిర్వాహకుడికి ఉంటుందని రాసిపెట్టండి. గెలిచిన సి వచ్చే నెల బి. ఇద్దరు ఎ ఆటగాళ్లు తలపడితే 11 ర్యాక్‌ల దాకా పోవచ్చు, గంటన్నర. వాళ్ల మ్యాచ్‌లను విడత మొదట్లోనే టేబుల్ మీద వేయాలి, చివర్లో వేస్తే అందరూ వాళ్ల కోసం కూర్చోవాలి.

టేబుల్ మీద పెట్టాల్సిన డబ్బు

ప్రైజ్ 5,000 పెంచడమా, అదే 5,000 టేబుళ్ల మీద పెట్టడమా అన్న ప్రశ్న వస్తే, బంతులు పాతబడిన హాల్లో జవాబు టేబుళ్లే. పూల్ బంతి వ్యాసం 57.15 మిల్లీమీటర్లు. అన్నిటికన్నా ఎక్కువ దెబ్బలు తినేది క్యూ బాల్ (కర్రతో కొట్టే తెల్ల బంతి) కనుక ముందు అదే అరుగుతుంది. తేలికైన క్యూ బాల్ డ్రా షాట్‌కు (దాన్ని వెనక్కి రప్పించే దెబ్బ) అతి సులువుగా వెనక్కి వస్తుంది, ఫాలోకు (ముందుకు పంపే దెబ్బ) ముందుకు పోదు. రెండు రంగు బంతుల మధ్య క్యూ బాల్ పెట్టి పైన స్కేలు ఆనిస్తే తేడా కంటికే కనిపిస్తుంది. నాలుగు సెట్లూ మార్చలేకపోతే కనీసం నాలుగు క్యూ బాల్‌లు ఒకే రకానివి కొనండి, మిగిలిన సెట్‌కు సరిపోయే సైజు చూసుకుని. వేర్వేరు సెట్ల బంతులు కలిసిపోయి ఉంటే ముందు రోజే వేరు చేయండి.

బంతులు శుభ్రంగా ఉండటం పైసా ఖర్చు లేని పని, అయినా ఎవరూ చేయరు. చాక్ పొడి అంటిన బంతులు తగిలే చోట పట్టేసుకుని, రంగు బంతి గీత తప్పి పోతుంది. ఓడినవాడు టేబుల్‌ను తిడతాడు, సగం సార్లు నిజమే. ఉదయం ఒకసారి, క్వార్టర్స్ ముందు ఇంకోసారి తుడవాలి. ఒక సహాయకుడికి అరగంట పని.

క్లాత్ మార్చే ఆలోచన ఉంటే టోర్నీకి వారం ముందే. నిన్న వేసిన క్లాత్ మీద బంతులు జారుతూ పోతాయి, బ్యాంక్ షాట్లు (టేబుల్ అంచునుండే కుషన్‌కు తగిలించి కొట్టేవి) అందరికీ తప్పుతాయి. విజయవాడ, విశాఖ లాంటి చోట్ల గాలిలో తేమకు క్లాత్ బరువెక్కి బంతి మందగిస్తుంది, కుషన్ నుంచి వచ్చే కోణం కూడా మారుతుంది. ఏసీ ముందు రాత్రి నుంచే నడపండి. ఉదయం ఏసీ వేసి మ్యాచ్‌లు మొదలుపెడితే మొదటి రౌండ్ ఒక టేబుల్ మీద, క్వార్టర్స్ ఇంకో టేబుల్ మీద ఆడినట్టు ఉంటుంది. లెవెల్ చూడటానికి రెండు కుషన్ల మధ్య బంతిని అతి నెమ్మదిగా దొర్లించండి, ఆగబోయే ముందు పక్కకు ఒరిగితే కాలు సర్దాలి. వెలుతురు విషయంలో అంతర్జాతీయ నియమం టేబుల్ మీద ప్రతి చోటా కనీసం 520 లక్స్. నాలుగు మూలలా ఫోన్ యాప్‌తో చూసినా సుమారుగా తెలుస్తుంది. పాకెట్ల దగ్గర నీడ పడితే ఒక లైటు చాలు.

లైవ్ పెడితే ఒక్క టేబుల్‌కే పెట్టండి. పైన గట్టి స్టాండు, ఫోను, ఛార్జర్, స్థిరమైన నెట్ ఉంటే సరి. హాల్లో సినిమా పాటలు మోగుతుంటే కాపీరైట్ పేరుతో వీడియో శబ్దం పోతుంది. స్పాన్సర్‌కు చూపించాల్సిన వీడియో మూగదైతే రెండోసారి డబ్బు అడగలేరు. పాటలు ఆపేయండి.

ముందే రాసి గోడకు అంటించాల్సినవి

ఎంట్రీ యూపీఐలో ముందే తీసుకోవాలి, రెండు రోజుల ముందు దాకా మానుకుంటే వాపసు, తర్వాత లేదు. "వచ్చాక ఇస్తా" అన్నవాళ్ల పేర్లు డ్రాలో వేస్తే 32లో అయిదుగురు రాకపోయినా ఆశ్చర్యం లేదు. అప్పుడు అయిదుగురికి ఆడకుండానే రెండో రౌండ్. 27 మందే తేలితే ఇలా ఆడకుండా ముందుకెళ్లే అయిదు బైలు కూడా చీటీల్లోనే తీయాలి, అందరి ముందు. తెలిసినవాళ్లకు బై వచ్చిందనే మాట ఒక్కసారి పుడితే టోర్నీ పేరు పోతుంది. డ్రా తీసిన తర్వాత ఎవరినీ చేర్చకూడదు, ఎంత దగ్గరివాడైనా.

పిలిచాక 15 నిమిషాల్లో టేబుల్ దగ్గర లేకపోతే వాకోవర్. నెమ్మది ఆటకు షాట్ క్లాక్ పెట్టాలంటే టేబుల్‌కో మనిషి కావాలి, అది హాలు టోర్నీకి మోయలేని ఖర్చు. మ్యాచ్ 60 నిమిషాలు దాటితే మాత్రం ఆ టేబుల్‌కు షాట్‌కు 30 సెకన్ల గడియారం వస్తుందని ముందే చెప్పండి. చెప్పినందుకే చాలామంది తొందరపడతారు. బ్రేక్ వంతులవారీగా ఉండాలి. చిన్న రేసులో గెలిచినవాడే మళ్లీ బ్రేక్ కొడితే ఒక్క ఊపులో మ్యాచ్ అయిపోయి, రెండోవాడు కుర్చీలోనే కూర్చుంటాడు.

ఫైనల్ చేరిన ఇద్దరూ "సగం సగం పంచుకుంటాం, ఊరికే ఆడతాం" అనడం మామూలే. చూసేవాళ్లకు, స్పాన్సర్‌కు అది మోసం. ఫైనల్ ఆడకపోతే ఇద్దరికీ రన్నరప్ బహుమతే అని ఒక్క వాక్యం రాస్తే ఆ బేరం ఆగిపోతుంది. ఫౌల్ వివాదాల్లో నిర్వాహకుడి మాటే ఆఖరు, అందుకే నిర్వాహకుడు డ్రాలో ఆడకూడదు. చిన్న హాళ్లలో ఈ నియమమే ఎక్కువగా తప్పుతుంది.

ప్రైజ్ ఆ రాత్రే, అందరి ముందు యూపీఐలో పంపాలి. రేపు, ఎల్లుండి, వచ్చే వారం అన్న హాలు పేరు ఊరంతా తిరగడానికి ఒక్క వాట్సాప్ మెసేజ్ చాలు.

ఎవరికి ఏది

కొత్త హాలు, రెండు మూడు టేబుళ్లు ఉంటే 16 మంది, నాకౌట్, ప్లేట్, నగదు లేని బహుమతులు, ఎంట్రీ 300 లేదా 400, ఆదివారం ఉదయం. నాలుగు టేబుళ్లు, నెలనెలా పెట్టాలనుకుంటే 32 మంది, స్పాన్సర్ ప్రైజ్, ఎంట్రీ 700, ఎ-బి-సి గ్రేడులు, ఎనిమిది మందికి బహుమతి. ఆరు, అంతకుమించి టేబుళ్లు, బయటి ఊళ్ల ఆటగాళ్లు, చేతిలో నిజంగా పడిన స్పాన్సర్ సొమ్ము ఉంటే 64 మంది, రెండు రోజులు, 16 మంది మిగిలేదాకా డబుల్ నాకౌట్, హ్యాండిక్యాప్ లేకుండా. దీనికి రెండు రోజుల నిర్వహణ ఖర్చు దాదాపు రెట్టింపవుతుంది కానీ ట్రోఫీలు, పోస్టర్ల ఖర్చు పెద్దగా పెరగదు.

వారం మధ్యలో టేబుళ్లు ఖాళీగా ఉండే హాలైతే టోర్నీని పక్కనపెట్టి లీగ్ ఆలోచించండి. 8 మంది ఉంటే ఒక్కొక్కరికి 7 మ్యాచ్‌లు, మొత్తం 28, వారానికి 4 చొప్పున 7 వారాలు. మంగళవారం రాత్రి 7 నుంచి 9 దాకా రెండు టేబుళ్లు ఇస్తే చాలు, టేబుల్ నష్టం నామమాత్రం. 16 మంది ముందుకొస్తే రెండు డివిజన్లు చేసి రెండోది బుధవారం పెట్టండి. మొత్తం ఫీజు మొదటి వారమే తీసుకోండి. మూడు మ్యాచ్‌లు ఓడినవాడు నాలుగో వారం రాడు, మిగిలినవాళ్ల పాయింట్లు తారుమారవుతాయి. అందుకని ప్రతి ఒక్కరి దగ్గరా 500 డిపాజిట్ విడిగా ఉంచి, ఏడు మ్యాచ్‌లూ ఆడినవాళ్లకు చివరి రాత్రి తిరిగి ఇవ్వండి.